ఇన్వెస్ట్‌మెంట్ ట్రస్టుల రెవెన్యూ రిజర్వ్ అంటే నిజంగా పక్కన పెట్టిన డబ్బేనా?

గోదారి_టు_గ్లాస్గో

అందరికీ నమస్తే. యూకేలో ఉంటూ ఐసాలో (పన్ను పడని పొదుపు ఖాతా) ఇన్వెస్ట్‌మెంట్ ట్రస్టులు (కంపెనీ షేర్లలా మార్కెట్‌లో కొని అమ్ముకునే ఫండ్లు) పెట్టుకున్నవాళ్ళు ఇక్కడ కొందరున్నారు కదా, వాళ్ళకోసం ఈ ప్రశ్న. నేను ఇన్నాళ్ళూ ఇండెక్స్ ఫండ్ తప్ప ఇంకోటి ముట్టుకోలేదు. మా ఆవిడ ఇంకొన్నేళ్ళలో ఉద్యోగం మానేస్తానంటోంది, అప్పటికి మూడు నెలలకోసారి ఎంతో కొంత చేతికొచ్చేలా ఏదైనా ఏర్పాటు చేద్దామని సిటీ ఆఫ్ లండన్ ఇన్వెస్ట్‌మెంట్ ట్రస్ట్ చూస్తున్నా. 1966 నుంచి ఒక్క ఏడాది కూడా మానకుండా డివిడెండ్ పెంచుతూ వచ్చారట. ఎలా సాధ్యం అని వెతికితే ప్రతిచోటా ఒకటే మాట, "రెవెన్యూ రిజర్వ్ ఉంది కాబట్టి" అని. వచ్చిన ఆదాయంలో ఏటా 15 శాతం దాకా పంచకుండా ఉంచుకోవచ్చట, అది పోగేసి కంపెనీలు డివిడెండ్లు కోసేసిన ఏడాది తీసి ఇస్తారట.

అంటే పండిన ఏడు గాదెలో పోసి, ఎండిన ఏడు తీసి తిన్నట్టు అన్నమాట. ఇంతవరకు ఓకే. కానీ ఆ డబ్బు ఎక్కడుంటుంది? బ్యాంకులో వేస్తారా? దానికి వడ్డీ వస్తుందా? రిజర్వ్ పెద్దగా ఉన్న ట్రస్ట్ అంటే కళ్ళు మూసుకుని కొనేయొచ్చా? ఇంకోటి, అది షేర్‌హోల్డర్ల డబ్బే అయినప్పుడు మాకు ఇవ్వకుండా వాళ్ళ దగ్గర పెట్టుకోవడం ఏంటి అని కూడా అనిపిస్తోంది. తెలిసినవాళ్ళు కొంచెం విడమరిచి చెప్పండి ప్లీజ్, రూల్స్ కాపీ పేస్ట్ చేయకండి, అవి నేనూ చదివా, చదివాకే ఈ డౌట్లు.

ఓరుగల్లు_టు_లీడ్స్

అన్నా, ముందు ఈ రిజర్వ్ ఎందుకు ఫేమస్ అయ్యిందో చెప్త, 2020 చూసినోళ్ళకి ఇది బాగా ఎరుక. మార్చ్ ఆఖర్ల బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ కింద ఉండే రెగ్యులేటర్ అడిగిందని పెద్ద బ్యాంకులన్నీ డివిడెండ్లు ఆపేసినయ్, హెచ్ఎస్‌బీసీ, లాయిడ్స్, బార్‌క్లేస్ అందరూ. ఏప్రిల్ నెలాఖర్ల షెల్ వాళ్ళు మూడు నెలలకిచ్చే 47 సెంట్లని 16 సెంట్లకి దించిన్రు, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వాళ్ళు కోసుడు అదే ఫస్ట్ టైమ్. ఆగస్టుల బీపీ సగానికి సగం కట్ చేసింది. యూకే ఇన్‌కమ్ ఫండ్ ఏది తీసుకున్నా లోపల ఇవే ఉంటయ్ గద.

గిప్పుడు తేడా చూడు. మామూలు యూనిట్ ట్రస్టులు, ఓఈఐసీలు (మనం అడిగితే యూనిట్లు వాపసు తీసుకునే ఫండ్లు) ఆ ఏడాది వచ్చిన ఆదాయం ఆ ఏడాదే మొత్తం పంచేయాలె, దాచుకునుడు లేదు. వచ్చింది తగ్గితే ఇచ్చేది తగ్గుతది, అంతే. నా దగ్గరున్న ఒక ఇన్‌కమ్ ఫండ్ ఆ ఏడు ఇచ్చింది చూస్తే చాయ్ పైసలకి కూడా సరిపోలే. అదే సిటీ ఆఫ్ లండన్ వాళ్ళు 2020 జూన్‌తో అయిపోయిన సంవత్సరానికి 19 పెన్స్ ఇచ్చిన్రు, తర్వాత ఏడాది 19.1 ఇచ్చిన్రు. సంపాదించింది అంత లేదు, తక్కువబడింది రిజర్వ్‌లకెల్లి తీసిన్రు. ఇట్లాంటి ట్రస్టులు ఇంకా ఉన్నయ్, బ్యాంకర్స్, కాలెడోనియా, అలయన్స్ (ఇప్పుడు విటన్‌తోని కలిసి అలయన్స్ విటన్ అయ్యింది), వరుసగా ఇరవై ఏండ్లకు పైన పెంచినోళ్ళని డివిడెండ్ హీరోలు అని లిస్టు పెడ్తరు. ఈ ట్రస్టుల పద్ధతి కొత్తగ వచ్చిందేం కాదన్నా, మొట్టమొదటిది ఎఫ్ అండ్ సీ, 1868ల మొదలైంది.

అయితే రిజర్వ్ ఉంటే చాలు అనుకోకు. టెంపుల్ బార్ అని ఉంది, ముప్పై ఏండ్లకు పైగా పెంచుకుంట వచ్చింది, 2020ల కట్ చేసింది. రిజర్వ్ లేక కాదు. మేనేజర్ మారిండు, పోర్ట్‌ఫోలియో మారింది, పాత లెవెల్‌ల ఇచ్చుడు ఇంక కుదరదని బోర్డు డిసైడ్ అయ్యింది. ఇచ్చుడు ఇయ్యకపోవుడు బోర్డు చేతుల ఉంటది, రిజర్వ్ ఉన్నంత మాత్రాన ఇయ్యాలని ఎక్కడా లేదు.

ఆడిట్_అక్క

నేను చాలా ఏళ్ళు ఫండ్ అకౌంట్సే చూశాను, కాబట్టి గోదారి గారి అసలు ప్రశ్నకి, అంటే డబ్బు ఎక్కడుంటుంది అన్నదానికి నేను చెప్తాను. ఎక్కడా ఉండదు. గాదె అనుకుంటే అక్కడే లెక్క తప్పుతుందండీ, ఎందుకంటే గాదెలో ధాన్యం వేరేగా ఉంటుంది, వెళ్ళి చేత్తో తీసుకోవచ్చు. రెవెన్యూ రిజర్వ్ అనేది బ్యాలెన్స్ షీట్‌లో ఒక లైను మాత్రమే. ఆన్యువల్ రిపోర్ట్ తెరిచి చూడండి, ఒకవైపు ఆస్తులు, అంటే షేర్లు, కొంచెం క్యాష్, వాటిలోంచి అప్పులు తీసేస్తే మిగిలేది. రెండోవైపు ఆ మిగిలిందాన్నే పేర్లు పెట్టి ముక్కలు చేస్తారు, షేర్ క్యాపిటల్, షేర్ ప్రీమియం, క్యాపిటల్ రిజర్వులు, చివర్లో రెవెన్యూ రిజర్వ్. పేరు వేరు గానీ డబ్బు మొత్తం ఆ షేర్లలోనే ఉంది. 2016లో పంచకుండా ఉంచుకున్న పెన్నీలతో అప్పుడే ఏ యూనిలీవరో ఏ బీఏఈ షేరో కొనేసి ఉంటారు. అందుకే వడ్డీ ప్రశ్నే రాదు, అది మార్కెట్‌తో పాటు పెరుగుతూ తరుగుతూ ఉంటుంది, రిజర్వ్ లైనులో అంకె మాత్రం కదలదు.

దీని అర్థం ఏంటంటే, చెడ్డ సంవత్సరం "రిజర్వ్‌లోంచి ఇచ్చాం" అని చైర్మన్ రాసినప్పుడు ఆచరణలో జరిగేది వేరు, ఉన్న క్యాష్ వాడతారు, లేదా ఏవో షేర్లు అమ్ముతారు, లేదా బ్యాంకు లోన్ కొంచెం ఎక్కువ వాడతారు. ఎన్ఏవీ, అంటే అప్పులు పోగా మిగిలిన ఆస్తుల విలువ, అంతమేర తగ్గుతుంది. మీ జేబులోంచి మీ జేబులోకే. "మా డబ్బు మాకివ్వకుండా ఉంచుకోవడం ఏంటి" అని మీరు అడిగారు కదా, అది ఎటూ పోలేదు, మీ షేర్ విలువలోనే ఉంది.

మరి ఇదంతా ఎందుకు అంటే, చట్టం ఆదాయాన్నీ క్యాపిటల్‌నీ వేరువేరుగా చూస్తుంది కాబట్టి. ఇన్‌కమ్ స్టేట్‌మెంట్‌లో మూడు కాలమ్స్ ఉంటాయి, రెవెన్యూ, క్యాపిటల్, టోటల్. మామూలు కంపెనీ అకౌంట్స్‌కి అలవాటైనవాళ్ళు ఈ పేజీ చూసి మొదట తికమక పడతారు. కంపెనీల నుంచి వచ్చిన డివిడెండ్లు రెవెన్యూ కాలమ్‌లోకి, షేర్లు పెరిగిన లాభం క్యాపిటల్ కాలమ్‌లోకి. 2012కి ముందు క్యాపిటల్ లాభాల్లోంచి డివిడెండ్ ఇవ్వడానికి ఇన్వెస్ట్‌మెంట్ ట్రస్టులకి అసలు అనుమతే లేదు, రెవెన్యూ రిజర్వ్ ఒక్కటే కుషన్. ఆ తర్వాత రూల్ సడలించారు, తమ ఆర్టికల్స్ (కంపెనీ సొంత నియమావళి) మార్చుకున్న ట్రస్టులు క్యాపిటల్‌లోంచి కూడా ఇవ్వచ్చు. జేపీమోర్గాన్ గ్లోబల్ గ్రోత్ అండ్ ఇన్‌కమ్ చూడండి, 2016 నుంచి ఎన్ఏవీలో కనీసం 4 శాతం ఇస్తాం అనే పాలసీ పెట్టుకుంది, అలాంటిదాంట్లో రెవెన్యూ రిజర్వ్ ఎంత ఉందని వెతకడం టైమ్ వేస్ట్.

ఇక రిజర్వ్ అంకె చూసేటప్పుడు జనం ఎక్కడ పొరబడతారో చెప్తాను, ఇది చాలా వెబ్‌సైట్లలో కూడా సరిగ్గా ఉండదు. ఒక ఊహా ట్రస్ట్ అనుకోండి, 10 కోట్ల షేర్లు, రెవెన్యూ రిజర్వ్ 1.4 కోట్ల పౌండ్లు, అంటే షేరుకి 14 పెన్స్. ఏటా డివిడెండ్ 20 పెన్స్. ఓహో ఎనిమిది నెలల పైచిలుకు కవర్ ఉంది, అంటే అన్ని నెలల డివిడెండ్‌కి రిజర్వ్ సరిపోతుంది అనుకుంటాం. కానీ సంవత్సరాంతం తర్వాత ప్రకటించిన డివిడెండ్‌ని అకౌంటింగ్ రూల్స్ ప్రకారం ఆ ఏడాది అప్పుగా చూపించరు, కాబట్టి ఇంకా ఇవ్వాల్సిన ఆఖరి క్వార్టర్ 5 పెన్స్ ఆ 14లోనే ఉంది. నిజంగా ఉన్నది 9. ఆ నోట్ చూడకుండా కవర్ లెక్కేస్తే పొరపాటే.

రెండోది, షేర్ల సంఖ్య. అదే ట్రస్టుకి గిరాకీ బాగుండి ఎన్ఏవీ కన్నా ఎక్కువ ధరకి అమ్ముడవుతోంటే బోర్డు కొత్త షేర్లు వదులుతుంది. రెండున్నర కోట్ల షేర్లు కొత్తగా వచ్చాయనుకోండి, రిజర్వ్ అదే 1.4 కోట్లు, కానీ పంచుకునేవాళ్ళు పెరిగారు, 14 పెన్స్ కాస్తా 11.2 అవుతుంది. ఎవరూ ఒక్క పెన్నీ తీయలేదు, అయినా తగ్గింది. డిస్కౌంట్‌లో, అంటే ఎన్ఏవీ కన్నా తక్కువ ధరలో ఉన్న ట్రస్ట్ బైబ్యాక్ చేస్తే, అంటే తన షేర్లు తనే కొనేస్తే దీనికి ఉల్టా. అందుకే మొత్తం పౌండ్లలో కాదు, షేరుకి ఎంత అన్నదే చూడాలి.

మూడోది చాలామంది పట్టించుకోరు, మేనేజ్‌మెంట్ ఫీజు ఏ కాలమ్‌లో వేస్తున్నారు అన్నది. కొన్ని ట్రస్టులు ఫీజు మొత్తం రెవెన్యూలోంచే తీస్తాయి, కొన్ని 30 శాతం రెవెన్యూలో 70 శాతం క్యాపిటల్‌లో వేస్తాయి. రెండోరకంలో రెవెన్యూ బాగా కనిపిస్తుంది, రిజర్వ్ త్వరగా పెరుగుతుంది. తప్పు కాదు, రూల్స్ ఒప్పుకుంటాయి, కానీ రెండు ట్రస్టుల రిజర్వులు పోల్చేటప్పుడు ఇది చూడకపోతే పోలికకి అర్థం లేదు.

మొండి_లెక్క

అక్క చెప్పింది చదివాక కూడా ఇంకా డివిడెండ్ కోసమే ట్రస్టులు కొంటారా మీరు 🙂 ఇండెక్స్ ఫండ్ ఉంచుకుని అవసరమైనప్పుడు కొన్ని యూనిట్లు అమ్ముకుంటే అయిపోయేదానికి. రిజర్వ్‌లోంచి తీసి ఇచ్చినా, నేను అమ్ముకున్నా ఎన్ఏవీకి పడే దెబ్బ ఒకటే, తేడా ఏంటంటే అక్కడ బోర్డు అమ్ముతుంది ఇక్కడ నేను అమ్ముతా. పైగా వరుస రికార్డు నిలబెట్టుకోవాలనే పట్టుదల ఒకటి. 19 నుంచి 19.1 అంటే అర శాతం పెంపు, దాన్ని పెంపు అంటారా? తర్వాత ఏడు 19.4. అదే 2022 అక్టోబర్‌లో యూకేలో ధరల పెరుగుదల 11.1 శాతం. రికార్డు కాగితం మీద బాగానే ఉంది, దానితో టెస్కోలో ఎన్ని సామాన్లొస్తాయి అనేది ఎవరూ ప్రెస్ రిలీజ్‌లో రాయరు.

ఓరుగల్లు_టు_లీడ్స్

లెక్క ప్రకారం నువ్వు చెప్పేది కరెక్టే బ్రో, మనుషులు లెక్క ప్రకారం ఉండరు. 2020 మార్చ్‌ల అన్నీ మూడో వంతు పడిపోయినప్పుడు యూనిట్లు అమ్మి ఇంటి ఖర్చు పెట్టుకో అంటే మా అత్తమ్మ లాంటోళ్ళు ఉన్నది మొత్తం అమ్మి క్యాష్ చేసి కూసుంటరు. డివిడెండ్ వచ్చిందనుకో, ధర వైపు చూడనే చూడరు. ఆ ఒక్కదానికి నేను రిజర్వ్‌కి మార్కులేస్త.

పాత_యూనిట్లు

బాబూ, మా అబ్బాయి దగ్గరికి రీడింగ్ వచ్చాను, వాడి లాప్‌టాప్‌లో మీ చర్చ చూసి ఆగలేక రాస్తున్నాను. నేను గుంటూరులో బ్యాంకులో చేసి రిటైరయ్యాను. మీరు రిజర్వుల గురించి మాట్లాడుతుంటే నాకు యూఎస్-64 గుర్తొచ్చింది. మీ వయసు వాళ్ళకి తెలియకపోవచ్చు, యూనిట్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా 1964లో మొదలుపెట్టిన స్కీము, పది రూపాయల యూనిట్. మా కాలంలో ఆడపిల్ల పుడితే ఒకటి, రిటైరయితే ఒకటి, గవర్నమెంటు వాళ్ళది కదా అని అందరూ అందులోనే. జూన్ 30కి లెక్కలు ముగిస్తారు, జులై నుంచి డివిడెండ్ వారంట్ల కోసం పోస్ట్‌మ్యాన్ దారి చూసేవాళ్ళం. మా బ్రాంచిలో ఆ నెలంతా కౌంటర్ దగ్గర వారంట్లు పట్టుకున్న పెద్దవాళ్ళే, ముందువైపు సంతకం వెనకవైపు సంతకం తేడా చెప్పలేక ప్రాణం పోయేది.

దానికీ రిజర్వులుండేవి. కానీ ఎన్ఏవీ బయటికి చెప్పేవాళ్ళు కాదు, అమ్మే ధర కొనే ధర వాళ్ళే నిర్ణయించేవాళ్ళు, డివిడెండ్ తగ్గిస్తే జనం గోల పెడతారని ఇస్తూ పోయారు. 1998లో చూస్తే రిజర్వులు మైనస్ వెయ్యి కోట్లకి పైగా ఉన్నాయని బయటపడింది. ఉన్నదానికన్నా ఎక్కువ ధరకి యూనిట్లు వెనక్కి తీసుకుంటున్నారన్నమాట, ముందు బయటపడినవాడు బాగుపడ్డాడు. 2001 జులైలో అమ్మకం, వాపసు రెండూ ఆపేశారు. తర్వాత చిన్నవాళ్ళకి మూడువేల యూనిట్ల దాకా పది రూపాయల చొప్పున ఇచ్చారు, 2003లో మిగతావి 6.75 శాతం బాండ్లుగా మార్చారు. డబ్బు పోలేదు గానీ ఆ రెండేళ్ళు బ్రాంచికి వచ్చి అడిగినవాళ్ళకి ఏం చెప్పాలో మాకే తెలిసేది కాదు. అందుకని రిజర్వు ఉంది అంటే నేను వెంటనే నమ్మను, ఎవరు లెక్కేశారు, ఎంత తరచుగా బయటపెడతారు అని అడుగుతాను.

ఆడిట్_అక్క

బాబాయి గారూ, మంచి పాయింట్. ఒక్క తేడా చెప్తాను. యూఎస్-64లో యూనిట్లు ట్రస్టుకే తిరిగి ఇచ్చేయొచ్చు, అందుకే తొక్కిసలాట. యూకే ఇన్వెస్ట్‌మెంట్ ట్రస్ట్ క్లోజ్డ్ ఎండ్, షేర్ మార్కెట్‌లో ఇంకొకళ్ళకి అమ్ముకోవాలే తప్ప, మీరు అడిగారని ట్రస్ట్ తిరిగి తీసుకోవాలని లేదు. ఎన్ఏవీ కూడా రోజూ ప్రకటిస్తుంటాయి చాలా ట్రస్టులు. కాబట్టి జనం భయపడితే డిస్కౌంట్ పెరుగుతుంది, అంతేగానీ లోపలి షేర్లు హడావిడిగా అమ్మాల్సిన పరిస్థితి రాదు. అలా అని డిస్కౌంట్ తక్కువ బాధ ఏం కాదు.

మొండి_లెక్క గారికి కూడా ఇక్కడే జవాబు. ట్రస్ట్ 10 శాతం డిస్కౌంట్‌లో ఉంటే, లోపలున్న ఒక పౌండ్‌ని మార్కెట్ 90 పెన్స్‌కి లెక్కగడుతోంది. బోర్డు అదే పౌండ్‌ని డివిడెండ్‌గా ఇస్తే మీకు పూర్తి పౌండ్ వస్తుంది. మీరే షేర్లు అమ్ముకుంటే 90 పెన్స్. ప్రీమియంలో ఉన్న ట్రస్టుకి దీనికి రివర్స్. కాబట్టి ఎవరు అమ్మినా ఒకటే అన్నది ఇండెక్స్ ఫండ్‌లో నిజం, ట్రస్టుల్లో ఎప్పుడూ నిజం కాదు. ధరల పెరుగుదల గురించి మీరన్నది మాత్రం ఒప్పుకోవాల్సిందే, అర శాతం పెంపుని హీరో అనడం నాకూ నవ్వొస్తుంది.

గోదారి_టు_గ్లాస్గో

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ థాంక్స్, బాబాయి గారికి ప్రత్యేకంగా, మా నాన్న బీరువాలో కూడా ఆ బాండ్ల కాగితాలు ఉండేవి, అవేంటో ఇప్పుడర్థమైంది. అక్కా, మీరు చెప్పినట్టే ఇంకో ట్రస్ట్ రిపోర్ట్ తీసి లెక్కేశా. షేరుకి రెవెన్యూ రిజర్వ్ 11 పెన్స్, ఏడాది డివిడెండ్ 8 పెన్స్, ఆఖరి క్వార్టర్ 2.2 ఇంకా తీయలేదని నోట్‌లో ఉంది, తీస్తే 8.8, అంటే ఏడాది పైనే కవర్. కానీ గత మూడేళ్ళుగా షేరుకి సంపాదన 7.1, 7.3, 7.2 మాత్రమే, డివిడెండ్ మాత్రం ఏటా కొంచెం పెరుగుతూ 8కి వచ్చింది. ఇది ఓకేనా? ఇంకోటి, ఐసాలో చోటు అయిపోతే బయట కొనొచ్చా, కొన్నేళ్ళకి ఇండియా వచ్చేస్తే ఏంటి పరిస్థితి?

ఆడిట్_అక్క

కవర్ బాగుంది, కానీ నేనైతే ఆ మూడు అంకెల దగ్గరే ఆగుతాను. కోవిడ్ లాంటి ఒక్క ఏడాది తక్కువపడితే రిజర్వ్ వాడటం సరే, అది అందుకే ఉంది. ఏ గొడవా లేని సంవత్సరాల్లో కూడా వరుసగా సంపాదించినదానికన్నా ఎక్కువ ఇస్తున్నారంటే ఆదాయానికి మించిన డివిడెండ్ పెట్టుకున్నారని. ఇలాగే ఏటా షేరుకి 0.8 పెన్సో ఒక పెన్నీయో చొప్పున తోడితే పదేళ్ళ దాకా నడుస్తుంది, అప్పటిదాకా వెబ్‌సైట్‌లో "వరుసగా ఇన్నేళ్ళు" అని రాసుకుంటారు. చైర్మన్ స్టేట్‌మెంట్‌లో దీనికి కారణం ఏం చెప్పారో చూడండి. గ్రోత్ షేర్లవైపు మళ్ళి, ఆదాయం తగ్గినా టోటల్ రిటర్న్ (డివిడెండ్, ధర పెరుగుదల రెండూ కలిపి) కోసం తెలిసి చేశారా, లేక ఆ ఊసే ఎత్తలేదా. మొదటిదైతే అడగదగ్గ ప్రశ్నలు వేరు, రెండోదైతే నేను పక్కన పెడతా.

పన్ను సంగతి క్లుప్తంగా: ఐసా బయట కొంటే ఏడాదికి 500 పౌండ్ల డివిడెండ్ వరకే మినహాయింపు, ఆపైన 2026 ఏప్రిల్ నుంచి బేసిక్ రేటు వాళ్ళకి 10.75 శాతం, హయ్యర్ రేటు వాళ్ళకి 35.75. ట్రస్ట్ రెవెన్యూలోంచి ఇచ్చిందా, రిజర్వ్‌లోంచి ఇచ్చిందా, క్యాపిటల్‌లోంచి ఇచ్చిందా అని హెచ్ఎంఆర్‌సీ (యూకే పన్నుల శాఖ) చూడదు, డివిడెండ్ పేరుతో వస్తే డివిడెండే. మీ ఆవిడ పేరున కూడా ఏడాదికి 20,000 పౌండ్ల ఐసా ఉంది కదా, ముందు అది వాడండి.

ఓరుగల్లు_టు_లీడ్స్

ఇండియా సంగతి నేను చెప్త, మా బామ్మర్ది పోయిన ఏడాదే హైదరాబాద్ షిఫ్ట్ అయిండు. యూకే రెసిడెంట్ కాకుండ పోయినంక ఐసాల కొత్తగ పైసలు వేసుడు బంద్, ఉన్నది అట్లనే ఉంచుకోవచ్చు. కానీ ఇండియా ఐసాని గుర్తించది, అక్కడ ఆర్డినరీ రెసిడెంట్ అయినంక ఆ డివిడెండ్లు నీ స్లాబ్ ప్రకారం ట్యాక్స్‌ల చూపియ్యాలె, ఫారిన్ అసెట్స్ షెడ్యూల్‌ల కూడ నింపాలె. మొదట్ల రెండు మూడేండ్లు ఆర్ఎన్ఓఆర్ (రెసిడెంటే గానీ ఇంకా ఆర్డినరీ రెసిడెంట్ కానోళ్ళకిచ్చే) స్టేటస్ వస్తే కొంచెం ఊపిరి దొరుకుతది. పోయే ముందు ఏదన్న సీఏని ఒకపారి కలువు అన్నా, యూకే రూల్స్ కూడ తెలిసినోడైతే మంచిది, మా బామ్మర్దికి దొరికినాయన ఐసా అంటే పీపీఎఫ్ లాంటిదేగా అన్నడంట.